ఇరాన్ పొగాకు బహిష్కారం – మనం నేర్చుకోవలసినది

పొగాకు మన ఆంధ్ర దేశంలో పంటగా తెలుసు, వ్యాపారంగా తెలుసు, వ్యసనంగానూ తెలుసు. కాని ఈ ఆకు విషయంలోనే ఒక ముస్లిం దేశం యావత్తూ ఒక్కటై తన పాదుషాను వంచిన సంగతి మనలో చాలామందికి తెలియదు. ఆ చరిత్రను క్లుప్తంగా పాఠకుల ముందుంచుతున్నాము.

1890 మార్చిలో ఇరాన్ పాదుషా నాసిరుద్దీన్ షా, మేజర్ టాల్బట్ అనే ఆంగ్లేయునికి 50 ఏళ్ళ గుత్తాధిపత్యం రాసిచ్చాడు. దేశంలో పండే పొగాకును కొనడం, అమ్మడం, ఎగుమతి చేయడం అంతా ఇక ఆయన కంపెనీదే. షాకు ముట్టేది ఏటా 15,000 పౌండ్లు, లాభంలో నాలుగో వంతు. ఇస్తాంబుల్ నుండి వెలువడే 'అఖ్తర్' అనే పారసీ పత్రిక, ఉస్మానీ ప్రభుత్వం ఇటువంటి గుత్తకే ఇంతకన్నా ఎన్నో రెట్లు రాబట్టిందని ఎత్తిచూపింది.

రైతు కంపెనీకి తప్ప ఇంకొకరికి అమ్మరాదు. దుకాణదారుకు కంపెనీ పర్మిట్ కావాలి. తన నేలలో పండిన ఆకును తానే పరాయివాడి దగ్గర కొనుక్కోవాలి! 1891లో షీరాజ్, తబ్రీజ్, మష్హద్, ఇస్ఫహాన్ నగరాల్లో వర్తకులు, ఉలమాలు కలిసి అలజడి లేవదీశారు. 1880 ప్రాంతంలో మన హైదరాబాదులో కొంతకాలం ఉండి గ్రంథరచన చేసిన సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ, ఇరాన్ నుండి బహిష్కృతుడై, సామర్రాలో ఉన్న షియా ధర్మగురువు మీర్జా హసన్ షీరాజీకి ఘాటైన లేఖ రాశాడు.

1891 డిసెంబరులో షీరాజీ పేరిట ఫత్వా వెలువడింది. పొగాకు వాడటం ఇమాముతో యుద్ధం చేయడంతో సమానమని దాని సారాంశం. ఇక చూడండి! బజారు మూతపడింది, హుక్కాలు ఆరిపోయాయి. షా అంతఃపుర స్త్రీలు కూడా ముట్టలేదు. 1892 జనవరిలో టెహరానులో రాజభవనం ముందు సైనికులు కాల్పులు జరపగా కొందరు ప్రాణాలు కోల్పోయారు. చివరికి షా తలవంచి గుత్తను రద్దు చేశాడు.

గెలుపు దక్కింది గాని మూల్యం తప్పలేదు. కంపెనీకి నష్టపరిహారంగా 5 లక్షల పౌండ్లు కట్టడానికి ఇరాన్ విదేశీ బ్యాంకు వద్ద అప్పు చేయవలసి వచ్చింది. పాలకుడు చేసిన సంతకానికి ప్రజలు వడ్డీ కట్టారు. అయినా కలిసి నిలబడితే ఏమవుతుందో వారికి తెలిసివచ్చింది. 1906 నాటి రాజ్యాంగ ఉద్యమానికి ఇదే తొలి మెట్టు అని చరిత్రకారులు అంటారు.

ఒక్క మాట గమనించాలి. ఆ పోరాటం గుత్త మీదనే, పొగ మీద కాదు. నిషేధం తొలగగానే హుక్కాలు మళ్ళీ వెలిగాయి. పొగ మీద పోరు తర్వాతి తరాలది. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశాలు పొగాకు నియంత్రణ ఒడంబడికను ఆమోదించాయి. 2004లో మన దేశం దాన్ని ధ్రువీకరించింది. 2005 ఫిబ్రవరి నుండి అది అమల్లో ఉంది. ప్రకటనల నిషేధం, డబ్బాల మీద హెచ్చరికలే కాక, పొగాకు రైతులకు, కార్మికులకు వేరే జీవనోపాధి చూపాలని కూడా అందులో ఉంది.

ఈ చివరి మాట మనకు ముఖ్యం. మన బస్తీల్లో బీడీలు చుట్టి సంసారాలు ఈదే అక్కాచెల్లెళ్ళు ఎందరో ఉన్నారు. పొగ మానండని యువకులకు చెప్పడం ఎంత అవసరమో, ఆ తల్లుల చేతికి వేరే పని చూపించడం అంతే అవసరం. ఒక ఫత్వాతో దేశమంతా హుక్కా పక్కన పెట్టగలిగినప్పుడు, మన మొహల్లా పిల్లలు ఒక సిగరెట్టును పక్కన పెట్టలేరా? ఆలోచించమని కోరుతున్నాము.