కోరంగి వాళ్ల తెలుగు

మా చెల్లెలి కూతురు అమెరికా నుంచి వచ్చి "అమ్మమ్మా, నేను అన్నం తిన్నాడు" అనగానే ఇంట్లో అందరం గొల్లున నవ్వాం. ఆ పిల్ల రెండు రోజులు తెలుగులో నోరు విప్పలేదు. నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటి నుంచీ నాకు మారిషస్ తెలుగువాళ్లు గుర్తొస్తున్నారు.

1835లో ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలి. తెల్లదొరలు మనవాళ్లను ఒప్పంద కూలీలుగా ఓడలెక్కించారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి వెళ్లారు గనక అక్కడ వాళ్లకు 'కోరంగీలు' అనే పేరే పడింది. విశాఖ వైపు వాళ్లూ ఉన్నారు, అందుకే సింహాద్రి అప్పన్న కూడా సముద్రం దాటాడు!

తోటలో క్రియోల్, బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి. తరాలు గడిచేసరికి చాలా ఇళ్లలో మాట కూడా క్రియోలే అయింది. మిగిలినవి పెళ్లిపాటలు, పూజలు, రామభజనలు. అర్థం పూర్తిగా తెలియకపోయినా పాడారు. ఆ పాటల్ని వదలకపోబట్టే పిల్లలకు అక్షరాలు నేర్పాలన్న పట్టుదల వచ్చిందని నాకనిపిస్తుంది. ఇప్పుడక్కడ ప్రాథమిక బడుల్లో తెలుగు చెబుతారు. ఉగాదికి దేశమంతా సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. బీయే తెలుగు చదివిన నాకు ఇవేవీ క్లాసులో ఎవరూ చెప్పలేదు లెండి.

మొన్న ఫోనులో అమ్మ అడిగితే, "తిన్నాను అమ్మమ్మా, పప్పు కూడా తిన్నాడు" అంది పిల్ల. ఈసారి ఎవరం నవ్వలేదు. "పెరుగు వేసుకున్నావా తల్లీ?" అంది అమ్మ.