తూటాలు తిరిగి నింపే ప్రెస్సు: నిర్మాణం, మసి, కందెన

తుపాకి పేలినప్పుడు తూటాలో మందు, గుండు, నిప్పు పుట్టించే ప్రైమర్ ఖర్చయిపోతాయి. ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. దాన్ని తిరిగి కొలతకు తెచ్చి, కొత్త సరుకు నింపడానికి వాడే చేతిమరే రీలోడింగ్ ప్రెస్సు. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు కాబట్టి ఇది ఇక్కడి ఇళ్లలో కనిపించదు. అమెరికాలో సొంత వాడకానికి నింపుకోవడానికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. అందుకే ఈ మర చరిత్రలో ఎక్కువ భాగం అక్కడే నడిచింది.

దీనికి పునాది 1866లో పడింది. ఆ ఏడాది అమెరికాలో హైరమ్ బెర్డన్, ఇంగ్లండులో ఎడ్వర్డ్ బాక్సర్ వేర్వేరు ప్రైమర్లకు పేటెంట్లు పొందారు. బెర్డన్ పద్ధతిలో తొడుగు అడుగున నడిమధ్యను తప్పించి రెండు సన్న రంధ్రాలుంటాయి. బాక్సర్ పద్ధతిలో సరిగ్గా మధ్యలో ఒకటే రంధ్రం. అందులోంచి సూది దింపితే కాలిన ప్రైమర్ ఊడి వస్తుంది. విచిత్రంగా అమెరికన్ పద్ధతి యూరప్‌లోనూ, ఇంగ్లిష్ పద్ధతి అమెరికాలోనూ స్థిరపడ్డాయి. అమెరికాలో తిరిగి నింపుకోవడం ఇంటిపనిగా మారడానికి ఆ ఒక్క రంధ్రం పెద్ద కారణం.

1870లలో దున్నల వేటగాళ్లు మైదానాల్లో గుడారాల దగ్గరే తూటాలు నింపుకునేవారు. సైన్యం కూడా శిక్షణ కోసం .45-70 రకం తూటాలను తిరిగి నింపించేది. 1884లో జాన్ బార్లో కనెటికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో ఐడియల్ కంపెనీ పెట్టి, అడకత్తెర ఆకారంలో ఉండే చేతి పనిముట్టును అమ్మాడు. దానికి ఉన్నది ఒక్క కీలు, దానికి చుక్క నూనె చాలు. శుభ్రం చేసే శ్రమంతా తొడుగుదే. సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన పాత మందు మిగిల్చే మసి గాలిలోని తేమను పీల్చి ఇత్తడిని తినేస్తుంది. కాల్చిన వెంటనే తొడుగులను నీళ్లలో వేసి కడిగేది అందుకే. 1925లో ఐడియల్ పనిముట్ల వ్యాపారం లైమన్ కంపెనీ చేతికి వచ్చింది.

పొగ రాని మందు, సీసా మెడలాంటి తొడుగులు వచ్చాక చేతి పట్టు బలం చాలలేదు. బల్లకు బిగించి, పొడవాటి మీటతో నొక్కే ప్రెస్సు అవసరమైంది. మీట లాగితే ర్యామ్ అనే ఉక్కు కడ్డీ తొడుగును పైకి తీసుకెళ్లి, దాన్ని కొలతకు తెచ్చే అచ్చు అయిన డై లోపలికి నెడుతుంది. పసిఫిక్ కంపెనీ సీ ఆకారపు ప్రెస్సులు ఈ దశకు చెందినవి. డై మరచుట్టుకు 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 చుట్లు అనే కొలత క్రమంగా ప్రమాణమైంది. 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలోని ఓరొవిల్‌లో, తండ్రి లాండ్రీ వెనక గదిలో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ తర్వాత రాక్ చకర్ ప్రెస్సును తెచ్చింది. ముందువైపు తెరిచి ఉన్న సీ చట్రం ఒత్తిడికి కాస్త వంగుతుంది. రాక్ చకర్‌లా చుట్టూ మూసుకున్న ‘ఓ’ ఆకారపు చట్రం అలా వంగదు.

బలం పెరిగిన కొద్దీ కందెన అవసరమూ పెరిగింది. కందెన రాయని తొడుగు డైలో ఇరుక్కుపోతుంది. అందుకే లానొలిన్ వంటివి రాస్తారు. టంగ్‌స్టన్ కార్బైడ్ డైలు వచ్చాక తిన్నని పిస్తోలు తొడుగులకు ఆ పని తప్పింది. ర్యామ్‌కు మాత్రం నూనె తప్పలేదు. కాలిన ప్రైమర్ ఊడినప్పుడు గరుకైన బూడిద రాలి ర్యామ్ మీద పడుతుంది. అందులో సీసం, బేరియం, యాంటిమొనీ సమ్మేళనాలుంటాయి. అది నూనెతో కలిస్తే ఇనుమును అరగదీసే ముద్దవుతుంది. ఎక్కువ నూనె పోసినవాడి ప్రెస్సు త్వరగా అరగడానికి కారణం ఇదే.

సెకండ్ హ్యాండ్ ప్రెస్సును బాగుచేసే క్రమం దీన్ని బట్టే ఏర్పడింది. ముందు ప్రైమర్ గొట్టంలో పేలని ప్రైమర్ ఏదైనా మిగిలిందేమో చూడాలి. చేతులకు తొడుగులు వేసుకుని, ఏ పిన్ను ఎక్కడిదో గుర్తుపెట్టుకుంటూ మీట, కీళ్లు, ర్యామ్ విప్పాలి. గట్టిపడిన జిడ్డును కిరసనాయిల్లో నానబెట్టి బ్రష్షుతో రుద్దాలి. పైపై తుప్పుకు సన్న ఉక్కు పీచు, కాస్త నూనె సరిపోతాయి. ఆరాక ర్యామ్‌కు పలుచని నూనె పొర, కీళ్ల పిన్నులకు గ్రీజు పట్టించాలి. మీటను పలుమార్లు ఆడించి, బయటికి వచ్చిన నల్లజిడ్డును గుడ్డతో తుడిచేయాలి. నూనె తగిలిన ప్రైమర్ పేలకపోవచ్చు కాబట్టి ప్రైమర్ పెట్టే భాగం పొడిగా ఉండాలి. సీసం ఉన్న మసి కనుక పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి.

తయారీదారులు కూడా ఈ బూడిదకు విరుగుడు వెతికారు. బొనాంజా కో-యాక్స్ ప్రెస్సులో కాలిన ప్రైమర్ గొట్టం గుండా నేరుగా కింది డబ్బాలో పడుతుంది. లీ కంపెనీ పోత ఇనుప ప్రెస్సులో ర్యామ్‌నే బోలుగా చేశారు. మరోవైపు మైక్ డిలన్ అరిజోనాలో తయారు చేసిన ప్రోగ్రెసివ్ ప్రెస్సులు మీటను ఒకసారి లాగితే పలు తొడుగుల మీద ఏకకాలంలో పనిచేస్తాయి. కదిలే భాగాలు ఎక్కువ కావడంతో తుడవాల్సినవీ, గ్రీజు పెట్టాల్సినవీ పెరిగాయి.

పోత ఇనుము కాబట్టి పాత ప్రెస్సులు నేటికీ చేతులు మారుతున్నాయి. అయితే అన్నీ నేటి సామానుకు సరిపోవు. లైమన్ ట్రూ-లైన్ జూనియర్ మరచుట్టు 5/8 అంగుళమే. పాత హెర్టర్స్ ప్రెస్సులకు, తొడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్లు వాటి సొంతవే కావాలి. తుప్పు, జిడ్డు, ఊడిన రంగు ఏవీ పెద్ద లోపాలు కావు. ర్యామ్‌ను పట్టుకుని పక్కలకు కదిపితే బాగా ఊగుతున్న ప్రెస్సును మాత్రం ఎంత గ్రీజూ బాగుచేయలేదు. అలాంటిదాన్ని కొనకపోవడమే మేలు.