పోలీసు ఠాణా పుస్తకమును ప్రజలు చదువవచ్చునా?

ప్రభుత్వము ఒక మనుష్యుని పట్టుకొని పోయినపుడు ఆ సంగతి ఒకచోట వ్రాయబడవలెను. ఈ మాట నేడు మనకు సామాన్యముగా తోచును. కాని ఆ వ్రాతను చదువుటకు ఎవరికి అధికారము కలదను ప్రశ్నకు సమాధానము కుదురుటకు మూడువందల యేండ్లకు పైగా పట్టినది. ఇంటి యజమానిని గాని, ఎదిగిన కుమారుని గాని ఠాణాకు గొనిపోయిన దినమున ఆ యింటివారికి ధర్మశాస్త్ర చర్చలతో పనిలేదు. "మా వాడెక్కడ నున్నాడు? ఎవరు తీసికొనిపోయిరి? ఏ నేరమునకు?" అను మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తరము వారికి కావలెను. ఈ మూడు ప్రశ్నల చరిత్రమే యీ వ్యాసమునకు విషయము.

ఇంగ్లండు దేశమున 1679వ సంవత్సరమున హెబియస్ కార్పస్ చట్టము పుట్టినది. బందీని న్యాయస్థానము నెదుట నిలుపుటకై యేర్పడిన చట్టమని దానిని మనము పాఠశాలలలో బోధింతుము. అందే మఱియొక చిన్న నియమము కలదు. బందీ గాని, బందీ తరపున వేఱొకడు గాని అడిగినచో, ఏ వారంటు ననుసరించి చెఱలో నుంచిరో దాని నకలును ఆఱు గంటలలోపల కారాగృహాధికారి ఇచ్చితీరవలెను. ఇయ్యని యధికారికి మొదటి తప్పునకు నూఱు పౌనులు, రెండవ తప్పునకు రెన్నూఱు పౌనులు జుల్మానా. ఆ మీదట ఉద్యోగమునకే యనర్హుడగును. ఆ జుల్మానా సొమ్ము ఖజానాకు గాక బాధితునకే చెందును. "బందీ తరపున వేఱొకడు" అను నాలుగు మాటలలో నెంత యర్థమున్నదో చూడుడు. చెఱలోనివాడు గోడకావలనున్నాడు, వాని పక్షమున కాగితమడుగవలసినవాడు గోడ కీవలనున్న తండ్రియో, సోదరుడో, స్నేహితుడో. వానికి కాగితము చేరనిచో చట్టమున్నను లేనట్లే.

మన దేశమున ఠాణా పుస్తకములు ఇంతకు భిన్నమైన త్రోవను వచ్చినవి. మద్రాసు రాజధానిలో శిస్తు వసూలు కొఱకును, నేరము నొప్పించుట కొఱకును జనులను హింసించుచున్నారను మొఱలు మిక్కుటము కాగా, ప్రభుత్వము 1854లో విచారణ సంఘము నొకదానిని నియమించెను. హింస జరుగుచున్నమాట నిజమేయని యా సంఘము 1855 నాటి నివేదికలో తేల్చెను. మన కోస్తా జిల్లాలును, నాడు దత్తమండలము లనబడిన రాయలసీమయు నా రాజధానిలోనివే గనుక అది మన తాతముత్తాతల కథయే. పిమ్మట 1859లో 24వ చట్టముచే మద్రాసు రాజధానికి క్రొత్త పోలీసు శాఖ యేర్పడెను. రెండేండ్లకు, 1861లో, ఇతర రాష్ట్రముల కొఱకు 5వ చట్టము వెలువడెను.

ఈ 5వ చట్టపు 44వ సెక్షను ప్రకారము ఠాణా యధికారి దినచర్య పుస్తకము నొకదానిని వ్రాయుచుండవలెను. వచ్చిన ఫిర్యాదులు, నిర్బంధింపబడిన వారందఱి పేరులు, ఫిర్యాదు చేసినవారి పేరులు, మోపిన నేరములు, చేజిక్కిన ఆయుధములు, సొత్తు, విచారింపబడిన సాక్షుల పేరులు అన్నియు నందుండవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని యీ పుస్తకమును తెప్పించి చూచుటకు ఆ సెక్షను స్వేచ్ఛ నిచ్చినది జిల్లా మేజిస్ట్రేటునకు. నిర్బంధింపబడిన వాని తల్లి ఠాణా వాకిట నిలిచి పేరు వెదకికొనుట కందు నొక్క మాటయైనను లేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడును ఇట్టిదే. వారంటు లేక పట్టుకొనిన వారినిగూర్చి ఠాణా యధికారి పైకి తెలుపవలెను. దర్యాప్తు డైరీని తెప్పించి చూచుటకు మాత్రము ముద్దాయికి హక్కు లేదు. వ్రాత క్రిందనుండి పైకి పోవుచుండెను గాని ప్రక్కనున్న జనులకు చేరుటకు దారి లేదు.

అధికారి మాత్రమే చదువు పుస్తకము ఎట్టి పనికి వచ్చునో చూపుటకు మన ప్రాంతముననే యొక నిదర్శనము కలదు. 1871లో 'నేరస్థ జాతుల' చట్టమని యొకటి పుట్టినది. 1911లో మద్రాసు రాజధానికిని వ్యాపించినది. ఒక తెగను నేరస్థ జాతిగా ప్రకటించి, అందలి వారి పేరులను పట్టీలో నెక్కించి, వారి రాకపోకలను నిర్బంధించుట దాని విధానము. నేరము చేసెనా లేదా యను విచారణతో నిమిత్తము లేదు. ఆ తెగలో పుట్టుటయే చాలును. ఎఱుకలవారు మున్నగువారు దానికి గుఱియైరి. బాపట్ల సమీపమునందలి స్టువర్టుపురము ఆ చట్టము నీడలో వెలసిన యూరే. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1952లో గాని యా చట్టము రద్దు కాలేదు. పేరు వ్రాసినంతమాత్రమున న్యాయము కలుగదని దీనివలన తెలియుచున్నది. ఎవరి పేరు, ఎవరి కన్నుల కొఱకు, ఏ ప్రయోజనమునకు వ్రాయబడుచున్నదో విచారింపవలెను. ప్రజలను కనిపెట్టుటకై అధికారి వ్రాసికొను పట్టీ యొకటి. అధికారిని కనిపెట్టుటకై ప్రజలు చదువు పట్టీ మఱియొకటి. రెండును పేరుల పట్టికలే యైనను ఫలములు వేఱు.

1950 జనవరి 26వ తేది నుండి అమలునకు వచ్చిన రాజ్యాంగము 22వ యధికరణమున మూడు హామీల నిచ్చినది: పట్టుబడిన వానికి కారణము చెప్పవలెను, ఇష్టమైన న్యాయవాదితో సంప్రతింపనీయవలెను, ప్రయాణకాలము విడిచి ఇరువదినాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట హాజరుపఱుపవలెను. గొప్ప హామీలే, సందేహము లేదు. కాని యింటివారికి తెలుపవలెనను మాట యందు స్పష్టముగా లేదు. ఆ లోపమెంత ప్రమాదకరమో తెలియుటకు కేరళ దేశపు చరిత్రము జూడవలెను.

1975 జూనులో దేశమున అత్యవసర పరిస్థితి ప్రకటింపబడెను. 1976 మార్చి 1వ తేదిన కాలికట్టు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థి రాజన్‌ను పోలీసులు పట్టుకొని కక్కయము శిబిరమునకు గొనిపోయిరి. అతని తండ్రి ఈచ్చర వారియర్ హిందీ అధ్యాపకుడు. తండ్రి అధికారులను, మంత్రులను ఆశ్రయించెను, విన్నపములు పంపెను, ఫలము లేకపోయెను. ఆ యేప్రిలు 28వ తేదిన సుప్రీముకోర్టు, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులకు హెబియస్ కార్పస్ మార్గము లేదని నలుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పెను, హెచ్. ఆర్. ఖన్నా యొక్కరు మాత్రము విభేదించిరి. 1977 మార్చిలో అత్యవసర పరిస్థితి తొలగిన వెనుక ఆ తండ్రి కేరళ హైకోర్టు మెట్లెక్కెను. అసలు రాజన్‌ను నిర్బంధింపనే లేదని ప్రభుత్వము ప్రమాణ పత్రములు దాఖలు చేసెను. ఠాణా కాగితము పలుకలేదు గాని మనుష్యులు పలికిరి. కన్నులార చూచినవారి సాక్ష్యముమీద, అతడు పోలీసుల యధీనమున నుండినమాట నిజమని హైకోర్టు ఏప్రిలు 13వ తేదిన నిశ్చయించెను. ముఖ్యమంత్రి కరుణాకరన్ ఆ నెలలోనే రాజీనామా చేసెను. కుమారుడు పోలీసుల చేతిలోనే మరణించెనని తుదకు ప్రభుత్వమే యొప్పుకొనెను. తండ్రికి శవమైనను దక్కలేదు. పట్టుకొనిన దినముననే ఆ పేరు నలుగురు చూచుచోట వ్రాయబడియుండినచో, పట్టుకొనలేదని పలుకుటకు ఎవరికి నోరాడియుండును?

ఈ గుణపాఠము చట్టముగా మాఱుటకు మఱికొంత కాలము పట్టెను. 1986లో పశ్చిమ వంగ న్యాయ సహాయ సంస్థ పక్షమున డి. కె. బసు, ఠాణాలలో జరుగు మరణములనుగూర్చి పత్రికలలో పడిన వార్తలను జతపఱచి సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసెను. ఆ లేఖనే పిటిషనుగా గ్రహించి, 1996 డిసెంబరు 18వ తేదిన కోర్టు పదునొకండు నియమములు విధించెను. పట్టుకొను అధికారి తన పేరును, హోదాను స్పష్టముగా ధరింపవలెను. నిర్బంధ సమయమున మెమో వ్రాసి, ఇంటివారిలో నొకరిచేత గాని ఊరి పెద్దమనిషిచేత గాని సాక్షి సంతకము చేయింపవలెను. బంధువునకో స్నేహితునకో తెలుపవలెను. పండ్రెండు గంటలలోపల కంట్రోలు రూమునకు వార్త పంపి, నోటీసు బోర్డుపై ప్రకటింపవలెను. 1861లో పుస్తకము పుట్టినది. నూటముప్పదియైదేండ్లకు దాని సారము గోడ మీదికి వచ్చినది.

2010 నవంబరు 1వ తేదినుండి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 41-సి అను సెక్షను చేరి ఈ నియమము శాసనమైనది. ప్రతి జిల్లా కంట్రోలు రూము వెలుపలి బోర్డుపై నిర్బంధితుల పేరులు, చిరునామాలతోపాటు, పట్టుకొనిన పోలీసు అధికారుల పేరులు, హోదాలు కూడ నుండవలెనని యా సెక్షను శాసించెను. 2024 జూలై 1వ తేదిన ఆ కోడు పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినది. దాని 37వ సెక్షను ప్రకారము జిల్లా కేంద్రముననే గాక ప్రతి ఠాణాలోను, అసిస్టెంటు సబ్ ఇన్‌స్పెక్టరునకు తక్కువకాని యధికారి యొకడు ఈ వివరములకు బాధ్యుడు. నిర్బంధితుల పేరు, చిరునామా, మోపిన నేరపు స్వభావము ఎల్లరకు కనబడునట్లు ప్రదర్శింపవలెను; కంప్యూటరు తెరపైనను ప్రదర్శింపవచ్చును.

కావున గృహస్థులు గుర్తుంచుకొనవలసిన మార్గములివి. మొదట ఠాణాలోని బోర్డును చూడవలెను; అచ్చట లేనిచో జిల్లా కంట్రోలు రూము నడుగవలెను. ప్రథమ సమాచార నివేదిక, అనగా జనులు ఎఫ్.ఐ.ఆర్. అని పిలుచునది, సామాన్యముగా ఇరువదినాలుగు గంటలలో పోలీసు వెబ్‌సైటులో నుంచవలెనని సుప్రీముకోర్టు 2016 సెప్టెంబరు 7వ తేదిన ఆదేశించినది. లైంగిక నేరములు, తీవ్రవాదము మున్నగు సున్నితమైన కేసులు దీనికి మినహాయింపు. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తునకు సాధారణముగా ముప్పది దినముల గడువున్నను, మనుష్యుని ప్రాణమునకు, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమును నలుబదియెనిమిది గంటలలో నీయవలెను. దర్యాప్తునకు భంగము కలిగించు సంగతులను మాత్రము వారు నిరాకరింపవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, కస్టడీలో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము కలదు. ఏ దారియు పనిచేయనపుడు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేయవలెను.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. పేరు గోడకెక్కినచో వాని పరువు పోదా? పెండ్లి సంబంధములు, ఉద్యోగములు చెడవా? ఆక్షేపము న్యాయమైనదే. నిర్బంధము నేరస్థాపన కాదు. విచారణానంతరము నిర్దోషియై యింటికి వచ్చువారెందఱో కలరు. అందుచేతనే బాలుర గుర్తింపును, అత్యాచారమునకు గుఱియైనవారి పేరును వెల్లడింపరాదని వేఱు చట్టములు కాపాడుచున్నవి. మనమును బోర్డుపై పేరు చూచి "వీడు దొంగ" అని చదువుట మానవలెను. "ఇతడు క్షేమముగా నుండుటకు నేడు ప్రభుత్వము పూచీ" యని చదువ నేర్వవలెను. బోర్డు చెప్పున దంతియే.

ఈ దృష్టితో చూచినపుడు క్రొత్త సెక్షనులో నొక లోపము కంటబడును. 2010లో బోర్డుకెక్కిన అధికారి పేరు, 2024 నాటి 37వ సెక్షను మాటలలో లేదు. బోర్డు ఊరికి దగ్గఱయైనది, సంతోషమే. కాని పట్టుబడినవాని పేరు నిలిచి, పట్టుకొనినవాని పేరు జాఱిపోయినది. ఒక పేరు మాత్రమే మిగిలిన పట్టిక, చూచుచుండగనే, పాత పట్టీ వలె ప్రజలను కనిపెట్టు పట్టికగా మాఱగలదు. అధికారి తన పేరు కనబడునట్లు ధరింపవలెనను నియమమును, సాక్షి సంతకముతో మెమో వ్రాయవలెనను నియమమును 36వ సెక్షనులో నేటికిని నిలిచియున్నవి. కాబట్టి మెమోపై సాక్షి సంతకము చేయు తండ్రి గాని, తల్లి గాని, ఊరి పెద్ద గాని, ఆ యధికారి పేరును చదివి వ్రాసికొని, తరువాతనే సంతకము చేయవలెను. శాసనసభ్యులు ఆ పేరును మరల బోర్డుమీదికి తేవలెను. అంతవరకు ఆ పేరును కాపాడు భారము ఇంటివారి చేతి కలముపై నున్నది.