మా ఇంటి రాగి: పాతర నుంచి ఓవెన్ దాకా

రాగికి మనవాళ్ళలో ఒకటే పేరు లేదు. కోలారు, చిత్తూరు, అనంతపురం పక్క రాగులు అంటాం. ఉత్తర కోస్తాలో చోళ్ళు, తెలంగాణలో తైదలు. ఒడిశాలో ఉండే మనవాళ్ళు సంతలో మాండియా అని అడుగుతారు, మహారాష్ట్రలో నాచణి అని, తమిళనాట కేళ్వరగు అని. మేము కోలారు పక్కవాళ్ళం. బడిలో చదివింది కన్నడం, తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నది. అందుకే రాగి కథ మాకు సగం కన్నడంలో, సగం తెలుగులో అందింది. ఆ రెండు సగాలనూ ఒకచోట పెట్టాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటా ఉన్నాం. మా అన్న కూతురికి గోధుమ పడదని తేలినాక అది వాయిదా వేసే పని కాదని అర్థమైంది.

ముందు గింజ పుట్టిల్లు చెప్పుకోవాలి. రాగి మన మట్టిలో పుట్టింది కాదు. ఇథియోపియా, ఉగాండా వైపు తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల్లో దీన్ని మొదట సాగుచేశారు. వేల ఏళ్ళ కిందటే సముద్రం దాటి ఇక్కడికి చేరింది. మన దక్కన్‌లో అంతకు ముందే సొంత చిరుధాన్యాలు ఉన్నాయి. బళ్ళారి దగ్గర సంగనకల్లు లాంటి కొత్తరాతియుగం ఊళ్ళలో అండుకొర్రల గింజలు, ఉలవలు, పెసలు మాడిపోయిన రూపంలో తవ్వకాల్లో దొరికాయి. అంటే రాగి వచ్చేటప్పటికే ఇక్కడి ఆడవాళ్ళకు చిన్న గింజను విసరడం, ఉడకబెట్టడం బాగా తెలుసు. బయటినుంచి వచ్చిన గింజ ఇక్కడి పొయ్యి మీద ఇక్కడిదైపోయింది. ఊరు వదిలి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు ఈ సంగతి ఒకరు విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

కన్నడ మీడియంలో చదివినవాళ్ళకు కనకదాసు 'రామధాన్య చరితె' తెలిసే ఉంటుంది. 16వ శతాబ్దపు కావ్యం. లంకనుంచి తిరిగొచ్చే దారిలో రాముడు ధాన్యాల్లో ఏది గొప్ప అని అడుగుతాడు. వరికీ, నరెదలగ అనే రాగికీ సభలోనే జగడం అవుతుంది. నువ్వు పేదవాళ్ళ తిండి అని వరి ఎత్తిపొడుస్తుంది. నువ్వు ఉన్నవాళ్ళనే కాచుకుంటావు, కరువులో కనబడవు అని రాగి తిరగబడుతుంది. రాముడు రెండింటినీ ఆరు నెలలు చెరలో పెట్టిస్తాడు. బయటికి తీసేసరికి వరి చెడిపోయింది, రాగి చెక్కు చెదరలేదు. రాఘవుడు తన పేరే దానికి ఇచ్చాడు, అది రాగి అయింది అని కథ. మాటకు నిజమైన మూలం అదే అని మేము అనడం లేదు. కాని ఒక గింజ పేరు చెప్పి కులాన్నీ ఆకలినీ అంత సూటిగా మాట్లాడిన కావ్యం పక్క భాషలో ఉందని మన పిల్లలకు తెలియాలి. తెలుగులో శ్రీనాథుడి పేరు మీద తిరిగే ఒక చాటువు దీనికి పూర్తిగా ఎదురు. పూతన విషం తాగినవాడివి కదా, ఈ జొన్నకూడు ఒక ముద్ద మింగి చూపించు అని అందులో కృష్ణుడికే సవాలు. వరికూడు అలవాటైన నోరు మెట్ట తిండిని ఎట్లా చూసేదో అందులో తెలుస్తుంది.

కనకదాసు చెప్పిన ఆరు నెలల చెర ఉత్త కల్పన కాదు. రాగికి పురుగు సులభంగా పట్టదు. పాత మైసూరులో నేలలో పాతర తవ్వి, గడ్డి పరిచి, రాగులు పోసి మూసేవాళ్ళు. కన్నడంలో దాన్నే హగేవు అంటారు. ఏళ్ళ తరబడి అట్లా నిలవ ఉండేది. వడ్ల మాదిరి దంచే పని కూడా లేదు, కళ్ళంలోనే పొట్టు వదులుతుంది, నేరుగా ఇసుర్రాయిలోకి పోవచ్చు. 1800–01లో మైసూరు సీమ తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ మెట్ట పంటల్లో ముఖ్యమైనది రాగి అనే రాశాడు. పొలంలో రాగి ఒంటరిగా ఉండేది కాదు. మధ్య మధ్య సాళ్ళలో అనప, ఆముదం, ఆవాలు, వెర్రినువ్వులు వేసేవాళ్ళు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికి వచ్చేది.

ఆ జాగ్రత్త కూడా 1876–78 కరువుకు చాలలేదు. మైసూరు సంస్థానంలో 1871 లెక్కల్లో 50 లక్షలు దాటిన జనం, 1881కి సుమారు 42 లక్షలకు పడిపోయారు. మా ఇంట్లో దాన్ని ధాతు కరువు అనే అంటారు. మా పెద్దలు కడప పక్కనుంచి వచ్చింది ఆ కరువు తర్వాతే అని అవ్వ చెప్పేది. కాగితం ఏమీ లేదు, నోటి మాటే. పాతర ఉన్న ఇల్లు మాత్రమే మిగిలింది అని కూడా ఆమె అనేది.

రాగిని పెంచిన మనుషుల్లో ఒకరిని తప్పకుండా తలుచుకోవాలి. మండ్య వి.సి. ఫారంలో పనిచేసిన శాస్త్రవేత్త లక్ష్మణయ్య. మన రాగిని ఆఫ్రికా రాగితో సంకరం చేసి ఇండాఫ్ రకాలు తెచ్చాడు. ఇండియా, ఆఫ్రికా రెండు పేర్లూ కలిపిందే ఆ పేరు. వేల ఏళ్ళ కింద విడిపోయిన అక్కాచెల్లెళ్ళు మండ్యలో మళ్ళీ కలిసినట్లయింది. దిగుబడి బాగా పెరిగింది. ఆయన్ని రాగి లక్ష్మణయ్య అనే పిలిచారు.

దిగుబడి పెరిగినా కంచంలో మాత్రం రాగి తగ్గింది. కాలువ నీళ్ళు వచ్చిన చోట వరి వచ్చింది. రేషన్ అంగడిలో బియ్యం, గోధుమలు వచ్చాయి. సరిహద్దు అవతల మన బంధువులకు 1983లో రెండు రూపాయల కిలో బియ్యం మొదలైంది. మా ఇంట్లో ఇంకొకటి కూడా జరిగింది. చుట్టాలు వస్తే సంగటి కుండ మూలకు జరిపి, అన్నం వండేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో "మాది వరికూడు ఇల్లే" అని చెప్పుకునేవాళ్ళు. మా తరానికి వచ్చేసరికి పొద్దున బ్రెడ్డు, రాత్రి చపాతి. రాగి, చక్కెర జబ్బు ఉన్న తాతకు మాత్రమే.

అట్లా ఉన్న ఇంట్లో పాపకు నాలుగేళ్ళప్పుడు బరువు పెరగడం ఆగిపోయింది. కడుపు ఉబ్బరం, రక్తహీనత. రక్తపరీక్ష, పేగు బయాప్సీ చేసినాక డాక్టరు సీలియాక్ అన్నారు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ తగిలితే ఒళ్ళు తన పేగు మీదే తిరగబడే జబ్బు ఇది. దీనికి గోధుమకూ ఉన్న ముడిని నిలబెట్టింది హాలండ్ పిల్లల డాక్టరు విలెమ్ డికె. ఆయనకు అనుమానం ముందునుంచే ఉంది. 1944–45 చలికాలంలో యుద్ధంవల్ల అక్కడ రొట్టె కరువైంది. ఊరంతా ఆకలితో ఉంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు, రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ పడిపోయారు. 1950లో ఆయన దీనిమీద సిద్ధాంతగ్రంథం రాశాడు. ఒక మాట ఇక్కడే చెప్పాలి: అనుమానం ఉంటే పరీక్షకు ముందే గోధుమ మానేయకండి, మానేస్తే పరీక్షలో జబ్బు కనబడకుండా పోవచ్చు.

రాగిలో గ్లూటెన్ లేదు. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పేగు దెబ్బతిన్న పిల్లకు అది చిన్న సంగతి కాదు. అయితే గ్లూటెన్ లేకపోవడమే వంటలో చిక్కు. గోధుమపిండి సాగేది, పొంగేది దానివల్లే. రాగిపిండి చన్నీళ్ళతో కలిపితే పగుళ్ళు వస్తాయి. మన పెద్దవాళ్ళు దీనికి దారి ఎప్పుడో కనిపెట్టారు: మరిగే నీళ్ళు. వేడికి పిండిలోని గంజి ఉబ్బి జిగురవుతుంది, అదే కట్టుబడి ఇస్తుంది. సంగటి నిలబడేది అందుకే. మనవాళ్ళు అందులో నూక కూడా వేస్తారు, కన్నడం ఇళ్ళ ముద్దెలో నూక ఉండదు. మా వీధిలో ఏది ఎవరిల్లో ముద్ద విరిస్తే తెలిసిపోయేది. పక్కన పితికిపప్పు పులుసు మాత్రం రెండిళ్ళలోనూ ఒకటే.

పాపకు సంగటి ఇష్టమే. కాని బడిలో పుట్టినరోజు కేకు కొస్తే తను ఊరికే చూస్తా కూర్చోవాల్సి వచ్చేది. దానికే ఓవెన్ కొన్నాం. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. వంటకూ అదే పద్ధతి పెట్టుకున్నాం: ఒకసారికి ఒకటే మార్చడం, ఫలితం నోటుబుక్కులో రాయడం. నిలబడిన లెక్క ఇది. రాగిపిండి 150 గ్రాములు, బియ్యప్పిండి 50, బెల్లం పొడి 150, పెరుగు 200 మిల్లీలీటర్లు, నూనె 80, గుడ్లు రెండు, బేకింగ్ పౌడర్ ఒక చెంచా, వంటసోడా అర చెంచా. పిండి, పెరుగు, బెల్లం కలిపి ఇరవై నిమిషాలు నాననివ్వాలి, లేకుంటే నోట్లో గరుకు తగులుతుంది. తర్వాత గిలకొట్టిన గుడ్లు, నూనె, చివర సోడా, పౌడర్. 170 డిగ్రీల్లో 35–40 నిమిషాలు. రొట్టె కావాలంటే పిండిని మరిగే నీళ్ళతో కలిపి, ఈసబ్‌గోల్ పొట్టు వేసుకోవాలి. బజారు బ్రెడ్డంత పొంగదు, కాని ముక్క కోస్తే విరగదు.

దాక్కున్న గోధుమను పట్టడం ఇంకా పెద్ద పని. అంగడిలో దొరికే కూటు ఇంగువలో చాలావాటికి మైదా కలుస్తుంది. రాగి మాల్ట్ పొట్లాల్లో బార్లీయో గోధుమో ఉండవచ్చు. పిండిమరలో మనకు ముందు గోధుమలు ఆడించి ఉంటే రాళ్ళకు అంటిన పిండి మన డబ్బాలోకే వస్తుంది. మన దేశపు నిబంధన ప్రకారం గ్లూటెన్ లేనిది అని అచ్చువేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అంత కొంచెమే లెక్కలోకి వస్తుంది. అందుకని అటకమీది అవ్వ ఇసుర్రాయి దించి కడిగి వాడుతున్నాం. వారానికి రెండు కిలోలు విసరడానికి ఇంట్లో వంతులున్నాయి, మగవాళ్ళకూ ఉన్నాయి.

ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అప్పటినుంచి అంగళ్ళలో రాగి పొట్లాలకు మెరుగులు వచ్చాయి, ధర కూడా వచ్చింది. మంచిదే. కాని పాతర ఎట్లా తవ్వేవాళ్ళు, ఏ సాలులో ఏం వేసేవాళ్ళు, సంగటికి ఎసరు ఎంత, ఇవి పొట్లం మీద ఉండవు. మా అవ్వ పోయి ఆరేళ్ళయింది, పాతరకు ఏ గడ్డి పరిచేవాళ్ళో మాలో ఎవరికీ తెలియదు. మీ ఇంట్లో ఇంకా పెద్దవాళ్ళుంటే ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టుకోండి, ఏ లిపిలో చేయి తిరిగితే ఆ లిపిలో. పోయిన నెల పాప తన పుట్టినరోజుకు రాగి కేకు బడికి తీసుకుపోయింది. డబ్బా ఖాళీగా తెచ్చింది. ఇంకో రెండు కావాలని క్లాసు పిల్లలు అడిగారంట.