గాడిదకి దక్కిన న్యాయం

1896 మే 30. న్యూయార్క్‌లో కాస్మొపాలిటన్ పత్రిక వాళ్ళు గుర్రాల్లేని బళ్ళకి పందెం పెట్టారు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి హెన్రీ వెల్స్ అనే ఆయన డ్యూరియా మోటారు బండి వేసుకుని వచ్చాడు. బ్రాడ్‌వే మీద ఆ బండి అటూ ఇటూ తూలుతూ వెళ్ళి, సైకిలు మీద వస్తున్న ఎవెలిన్ థామస్ అనే ఆవిణ్ణి గుద్దేసింది. ఆవిడ కాలు విరిగింది. ఆవిణ్ణి ఆసుపత్రికీ, వెల్స్‌ని పోలీస్ స్టేషన్‌కీ తీసుకెళ్ళారు. ఆ రాత్రి ఆయన లాకప్‌లోనే పడుకున్నాడు. అమెరికాలో మోటారు బండి ఒక మనిషిని గుద్దిన సంఘటనల్లో నమోదైన మొట్టమొదటిది ఇదేనంటారు.

ఈ కథలో నాకు ఆసక్తిగా అనిపించినవి రెండు. మొదటి బాధితురాలు సైకిలు తొక్కేవ్యక్తి కావడం ఒకటి. ఎవర్ని లోపలెయ్యాలో ఆ రోజు ఎవరికీ సందేహం రాకపోవడం రెండోది.

సందేహం ఎందుకొస్తుంది? అప్పట్లో రోడ్డు మీద సైకిలు వాళ్ళదే పైచెయ్యి. లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ అని 1880లో ఒక సంఘం పుట్టింది. 1890ల చివరికొచ్చేసరికి అందులో లక్షమంది సభ్యులున్నారు. అమెరికాలో ఊరు దాటితే బురద, ఎండాకాలమైతే దుమ్ము. ఈ సైకిలు వాళ్ళే 'మంచి రోడ్లు కావాలి' అని పత్రిక నడిపి, సభలు పెట్టి, ప్రభుత్వాల వెంటపడ్డారు. సైకిలు కూడా ఒక వాహనమే, దానికీ వీధి మీద హక్కుంది అని 1890లో కాన్సాస్ సుప్రీంకోర్టు తేల్చింది. తీరా రోడ్లు నున్నగా తయారయ్యాక వాటి మీదకి ఎవరొచ్చారో మీకు తెలుసు. చీమలు చేరి పుట్ట కట్టుకుంటే పాము వచ్చి కాపురం పెట్టినట్టు!

పాము పుట్టని తనది చేసుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. 1923లో సిన్సినాటిలో 42 వేలమంది ఒక అర్జీ మీద సంతకాలు పెట్టారు. ఊళ్ళో తిరిగే ప్రతి కారుకీ గంటకి 25 మైళ్ళు దాటనివ్వని పరికరం బిగించాలని వాళ్ళ కోరిక. కార్ల వ్యాపారులూ, ఆటోమొబైల్ క్లబ్బులూ ఏకమై ప్రచారం చేసి ఓటింగులో దాన్ని ఓడించారు. 'జే వాకర్' అన్న తిట్టుని ఊరూరా వ్యాపింపజేసిందీ ఆ రోజుల్లోనే. 'జే' అంటే అప్పటి యాసలో పల్లెటూరి బైతు. పట్నంలో నడవడం రాని బైతు అన్నమాట. రోడ్డు అందరిదీ అన్న మాట పోయి, కారు దారిలోకి నువ్వెందుకొచ్చావన్న ప్రశ్న వచ్చింది. పీటర్ నార్టన్ అనే చరిత్రకారుడు 2008లో 'ఫైటింగ్ ట్రాఫిక్' అనే పుస్తకంలో ఈ కథంతా విప్పి చెప్పాడు. ఆసక్తి ఉన్నవాళ్ళు చదవండి. పెద్దవాళ్ళ సైకిలు ఈలోగా అమెరికాలో పిల్లల ఆటవస్తువుగా మారిపోయింది.

ఇదంతా పాత చరిత్రే కదా అనుకునేవాణ్ణి, ఈ మధ్య మా ఆఫీసులో ఒక తెలుగు కుర్రాడికి దెబ్బ తగిలేదాకా.

ఉత్తర వర్జీనియాలో ఉండేవాళ్ళకి వాషింగ్టన్ అండ్ ఓల్డ్ డొమినియన్ ట్రెయిల్ తెలిసే ఉంటుంది. పాత రైలు పట్టాలు పీకేసి వేసిన 45 మైళ్ళ దారి. నడిచేవాళ్ళూ, సైకిళ్ళూ తప్ప మోటారు బండి కనపడదు. చిక్కంతా అది రోడ్డుని దాటే చోట్ల. సైకిలు వాళ్ళని ఆగమంటూ చిన్న స్టాప్ గుర్తులుంటాయి. మావాడు ఒక సాయంత్రం అలాంటి చోట రోడ్డు దాటుతుంటే కారొచ్చి గుద్దింది. ఎడమవైపు జత్రుక (అదే, కాలర్ బోను) రెండు ముక్కలయింది. ఆపరేషను చేసి ప్లేటు వేశారు. కారు నడిపినావిడ పాపం కంగారుపడి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే కూర్చుంది కూడా.

నాలుగు రోజులకి ఆవిడ బీమా కంపెనీ నుంచి ఫోను. చాలా మర్యాదగా, ఎలా ఉన్నారని అడిగి, మీ మాటలు రికార్డు చేసుకోవచ్చా అన్నారట. స్టాప్ గుర్తు దగ్గర కాలు కింద పెట్టారా అని అడిగారట. మావాడు ఉన్నదున్నట్టు చెప్పాడు. "బాగా నెమ్మదించాను, రెండువైపులా చూశాను, దాదాపు ఆగినట్టే."

ఆ 'దాదాపు' అన్న మాటే కొంప ముంచింది. పదిహేను రోజుల్లో ఉత్తరం వచ్చింది, మీ తప్పు కొంత ఉంది కనక మేము ఏమీ ఇవ్వక్కర్లేదు అని. కొంత తగ్గించి ఇవ్వడం కాదు, అసలేమీ ఇవ్వరు. లాయరు దగ్గరికి వెళితే ఆయనా పెదవి విరిచాడు. "నిజం చెప్పడానికి ఇంత ఖరీదా అన్నా?" అని మావాడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఈ నియమం ఎక్కణ్ణించి ఊడిపడిందా అని వెతకడం మొదలుపెట్టాను.

దీని పేరు కాంట్రిబ్యూటరీ నెగ్లిజెన్స్. దెబ్బ తిన్నవాడి వంతు నిర్లక్ష్యం రవ్వంత ఉన్నా నష్టపరిహారం సున్నా. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఎదుటివాడి తప్పయినా సరే. మూలం 1809 నాటి ఒక ఇంగ్లీషు తీర్పు. డార్బీ అనే ఊళ్ళో ఫారెస్టర్ అనేవాడు ఇల్లు బాగుచేయించుకుంటూ రోడ్డుకి అడ్డంగా ఒక దుంగ పెట్టాడు. బటర్‌ఫీల్డ్ అనేవాడు చీకటిపడే వేళ సారాకొట్టులోంచి బయటికొచ్చి గుర్రం మీద దౌడు తీస్తూ దాన్ని తగిలి కిందపడ్డాడు. (తాగి ఉన్నాడనడానికి సాక్ష్యం లేదని కేసు రికార్డులోనే ఉంది!) దుంగ పెట్టడం తప్పే, కానీ నువ్వు నెమ్మదిగా వచ్చుంటే కనపడేదిగా, పో అంది కోర్టు. ఆ గుర్రపువాడి కోసం చెప్పిన మాట రెండు వందల ఏళ్ళ తర్వాత మావాడి భుజానికి చుట్టుకుంది.

అసలు ఇంగ్లండే ఈ నియమాన్ని 1945లో చట్టం చేసి వదిలేసింది. ఎవరి తప్పు ఎంతో అంత మేరకు తగ్గించి ఇవ్వడం మొదలుపెట్టారు. అమెరికాలో మిసిసిపీ 1910లోనే ఆ దారి పట్టింది, మిగతా రాష్ట్రాలు ఒక్కొక్కటే మారాయి. మారకుండా మిగిలినవి నాలుగే: వర్జీనియా, మేరీలాండ్, నార్త్ కరోలినా, అలబామా. యాష్‌బర్న్, హెర్న్‌డన్, షార్లెట్, కేరీ... మనవాళ్ళు గుంపులుగా ఇళ్ళు కొనుక్కున్న ఊళ్ళు చాలానే ఈ లెక్కలోకి వస్తాయి. వారాంతాల్లో సైకిళ్ళు తీసే మిత్రులు ఈ సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. అవతలి బీమావాళ్ళు ఫోను చేస్తే మాటలు రికార్డు చేయించుకోవాల్సిన పని మీకు లేదు. ముందు లాయర్ని కలవండి.

ఇహ గాడిద సంగతి. బటర్‌ఫీల్డ్ తీర్పు మరీ అన్యాయంగా ఉందని ఇంగ్లీషు జడ్జీలకే అనిపించిందేమో, 1842లో ఒక సందు తెరిచారు. ఒకతను తన గాడిదకి ముందుకాళ్ళు బంధం వేసి రోడ్డు మీద వదిలేశాడు. ఇంకొకడి బండి మూడు గుర్రాలతో జోరుగా వచ్చి దాన్ని తొక్కేసింది. గాడిదని రోడ్డు మీద వదలడం తప్పే అనుకుందాం, అయినా తప్పించగల ఆఖరి అవకాశం బండివాడికుంది, వాడు ఆ పని చెయ్యలేదు కనక డబ్బు కట్టాల్సిందే అన్నారు. అలా కాకపోతే రోడ్డు మీద నిద్రపోతున్న మనిషినీ తొక్కెయ్యొచ్చు కదా అని అడిగారు. ఈ 'ఆఖరి అవకాశం' సూత్రం వర్జీనియాలోనూ ఉంది. కాకపోతే ఆ అవకాశం ఉందని నిరూపించుకోవాల్సింది దెబ్బ తిన్నవాడే. గుద్దినప్పుడు మావాడు ఆకాశం చూస్తూ పడ్డాడు, ఆవిడ బ్రేకు ఎప్పుడు నొక్కిందో ఎలా చెబుతాడు? గాడిద పని నయం.

వాషింగ్టన్ డీసీలో ఈ నియమాన్ని 2016లో సైకిలు వాళ్ళకీ పాదచారులకీ ఎత్తేశారు. తప్పు సగానికి మించితే తప్ప పరిహారం పోదు. జార్జ్‌టౌన్ నుంచి కీ బ్రిడ్జి ఎక్కితే పది నిమిషాల్లో వర్జీనియా. ఆ వంతెన కింద పొటోమాక్ నది డీసీదే కాబట్టి నది మీద ఉన్నంతసేపూ ఒక న్యాయం, ఒడ్డు తాకాక ఇంకో న్యాయం. అదే సైకిలు, అదే కారు, అదే ఎముక. అక్కడికి పది మైళ్ళ ఇవతల గుద్దించుకోవడమే మావాడు చేసిన పాపం.

డీసీ కన్నా చాలా ముందుకెళ్ళిన దేశం ఒకటుంది. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద మూడువేల మూడువందల మంది దాకా చనిపోయారు. అందులో నాలుగు వందలకి పైగా పిల్లలు. కూతుర్ని కారు పొట్టన పెట్టుకుంటే విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత 1972లో 'పిల్లల హత్య ఆపండి' అనే శీర్షికతో వ్యాసం రాశాడు. యాక్సిడెంట్లు అనలేదు, హత్య అన్నాడు. ఆ పేరే ఒక ఉద్యమమయింది. తల్లిదండ్రులు వీధులకి అడ్డాలు పెట్టి పిల్లల్ని ఆడుకోనిచ్చారు, సైకిళ్ళేసుకుని ప్రధాని డెన్ ఉయిల్ ఇంటికి వెళ్ళి పాటలు పాడారు. 1973 చమురు సంక్షోభంలో కార్లు లేని ఆదివారాలు పెట్టడం కూడా కలిసొచ్చింది. మెల్లగా సైకిళ్ళకి వేరే దార్లు వచ్చాయి, ఇళ్ళ మధ్య కార్లు నత్తనడక నడవాల్సిన వీధులు వచ్చాయి. 2023లో ఆ దేశంలో రోడ్డు మరణాలు 684. అందులో 270 మంది సైకిలు వాళ్ళే, ఎక్కువగా పెద్ద వయసువాళ్ళు. స్వర్గమేం కాదు. కానీ 1971తో పోల్చి చూడండి.

అక్కడి చట్టంలో ఒక సెక్షను ఉంది, 185 దాని నంబరు. 1994 చట్టంలోది, మూలాలు ఇంకా పాతవి. మోటారు బండి సైకిలునో పాదచారినో గుద్దితే, ఆ పిల్లకో పిల్లాడికో 14 ఏళ్ళు నిండకపోతే తప్పు వాళ్ళదే అయినా బండి తాలూకు బీమా మొత్తం నష్టం భరించాలి, కావాలని పడితే తప్ప. పెద్దవాళ్ళయితే కనీసం సగం. బండివాడు ఏం చేసినా తప్పించలేని పరిస్థితి అని నిరూపించుకుంటే వేరే మాట, కానీ అది సాగడం చాలా కష్టం. దీనివల్లే అక్కడ చావులు తగ్గాయని కొందరు రాస్తుంటారు. నేను ఒప్పుకోను. చావులు తగ్గించింది రోడ్లు, వేగాలు. ఈ సెక్షను చేసేది ఒకటే, విరిగిన ఎముక ఖర్చు ఎవరి నెత్తిన పడాలో చెప్పడం. రెండు టన్నుల ఇనుముని వీధిలోకి తెచ్చినవాడి నెత్తిన అంటుంది.

ఇది చదివినప్పుడు నాకు మనూరి వీధులు గుర్తొచ్చాయి. సైకిలునీ స్కూటర్నీ చూస్తే స్కూటరువాడిదే తప్పు. స్కూటరుకీ కారుకీ అయితే కారుదే. పెద్ద బండెవడిదో వాడే దోషి! చదువుకునే రోజుల్లో దీన్ని చూసి నవ్వుకునేవాళ్ళం. నాగరికులైన డచ్చివాళ్ళు రాసుకున్న చట్టానికీ దీనికీ పోలిక లేకపోలేదు. కాకపోతే మన దగ్గర తీర్పు చెప్పేది గుంపు, అమలు చేసేది చెయ్యి. అందుకే గుద్దినవాడు ఆగడు. మర్నాడు పేపర్లో 'గుర్తు తెలియని వాహనం ఢీకొని' అని వస్తుంది. లేదా 'లారీ రూపంలో దూసుకొచ్చిన మృత్యువు' అని. లారీకి డ్రైవరుంటాడనీ, వాడికో యజమాని ఉంటాడనీ ఆ వాక్యంలో ఎక్కడా కనపడదు.

అన్నట్టు, మన మాట 'ప్రమాదం' ఉంది చూశారూ, సంస్కృతంలో దానికి అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకున్నవాణ్ణి అప్రమత్తుడు అంటాం. బ్రిటిష్ మెడికల్ జర్నల్ వాళ్ళు 2001లో యాక్సిడెంట్ అన్న మాట మా పత్రికలో రాయొద్దు, అది ఎవరి తప్పూ లేనట్టు వినిపిస్తోంది అని నిషేధించారు. మన మాటలో తప్పు ముందే కూర్చుని ఉంది. దాన్ని మనమే 'ప్రమాదవశాత్తూ' అని దేవుడి ఖాతాలో వేసుకున్నాం.

మన కోర్టులు మాత్రం ఆ ఖాతాని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఒక జీపు టైరు పేలి బోల్తాపడి, నడిచిపోతున్న మనిషి చనిపోయిన కేసులో, డ్రైవరు నిర్లక్ష్యం రుజువు కాకపోయినా పరిహారం ఇవ్వాల్సిందే అని 2001లో సుప్రీంకోర్టు అంది. ఆధారం 1868 నాటి ఇంగ్లీషు తీర్పు: నీ అవసరానికి నీ నేలలో నీళ్ళు నిలవేసుకుంటే, గట్టు తెగి పక్కవాడు మునిగినప్పుడు నువ్వే భరించాలి. ఈ నీళ్ళ సూత్రాన్ని మన వైపు అంతకుముందే వాడాలని చూశారు. చిత్తూరు జిల్లా కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు దారి కొట్టుకుపోతే మద్రాస్ రైల్వే కంపెనీ దావా వేసింది. 1874లో ప్రివీ కౌన్సిల్ కుదరదంది. చెరువు జమీందారు సొంత సరదా కాదు, నాలుగూళ్ళ పంటలకి ప్రాణం, దాన్ని నిలబెట్టడం ఆయన విధి అని కారణం చెప్పింది. చెరువుకి ఆ మినహాయింపు సరే. జీపుకి కుదరదని సుప్రీంకోర్టు తీర్పుతో తేలింది. నాకు రెండూ సబబుగానే తోచాయి.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి పనికొచ్చే మాట ఇంకోటి. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, ఎవరి తప్పూ నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు బండి యజమాని లేదా బీమా నుంచి రాబట్టుకునే దారి ఉంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50 వేలు ఇస్తున్నారు. అంతకు ముందు పాతికవేలు, పన్నెండున్నర వేలు ఉండేవి. దీనికి కోర్టుకి వెళ్ళక్కర్లేదు, అర్జీ పెట్టాల్సింది రెవెన్యూ డివిజను అధికారికో తహసీల్దారుకో. పోలీసు ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి కాగితాలు జతచెయ్యాలి. 'గుర్తు తెలియని వాహనం' అని పేపర్లో పడ్డ ఇంటివాళ్ళెవరైనా మీకు తెలిస్తే ఈ సంగతి వాళ్ళ చెవిన వెయ్యండి.