జాన్ బోయిస్: ఒక బైబిలు అనువాదకుడి కాగితాలు

1604 జనవరిలో హాంప్టన్ కోర్టు రాజప్రాసాదంలో జరిగిన మతసభలో కొత్త ఆంగ్ల బైబిలు కావాలన్న ప్రతిపాదన రాగా, మొదటి జేమ్స్ రాజు దానిని ఆమోదించాడు. దాదాపు 47 మంది పండితులు ఆరు బృందాలుగా పనిచేసిన ఆ అనువాదం 1611లో అచ్చయినా, అందులో ఏ వాక్యం ఎవరి చేతి మీదుగా రూపుదిద్దుకున్నదో పుస్తకం ఎక్కడా చెప్పదు. ఆ తెరను కాస్తయినా తొలగించినవి జాన్ బోయిస్ కాగితాలే.

బోయిస్ 1561లో సఫోక్ ప్రాంతపు నెటిల్‌స్టెడ్‌లో జన్మించాడు. హీబ్రూ, గ్రీకు తెలిసిన తండ్రే తొలి గురువు. ఆరేళ్లు నిండకముందే కొడుకు హీబ్రూ లిపి అందంగా రాసేవాడని జీవితచరిత్రకారుడు ఆంథొనీ వాకర్ అంటాడు; అందులో అభిమానం పాలు ఎంతైనా, ఆ చదువు గట్టిదన్న మాట మాత్రం నిజం. వైద్యం చదవబోయి, పుస్తకంలో కనిపించిన ప్రతి రోగమూ తనకే ఉన్నదని భయపడి మానుకున్న ఈ మనిషి, కేంబ్రిడ్జ్ సెయింట్ జాన్స్ కళాశాలలో తెల్లవారుజామున నాలుగింటికే తన గదిలో గ్రీకు పాఠం చెప్పేవాడు. నిలబడి చదవాలి, కిటికీ దగ్గర చదవరాదు, పాదాలు చల్లగా ఉండగా పడుకోరాదు అన్న మూడు నియమాలను జీవితాంతం పాటించాడు.

1596లో బాక్స్‌వర్త్ గ్రామానికి రెక్టర్, అంటే ఆ ఊరి చర్చి బాధ్యతలూ ఆదాయమూ పొందే గురువు, అయ్యాడు. ఇంటి లెక్కలు పట్టని ఆయన అప్పులపాలై తన గ్రంథాలయాన్నే అమ్ముకోవలసి వచ్చింది. కొత్త అనువాదానికి ఎంపికైనప్పుడు, కేంబ్రిడ్జ్‌లోని ఆయన బృందానికి అపోక్రిఫా, అనగా ప్రొటెస్టెంట్లు మూలగ్రంథంతో సమానంగా ఎంచని ప్రాచీన యూదు రచనలు, అప్పగించారు. వారమంతా కళాశాల భోజనంతో అక్కడే ఉండి, శనివారం రాత్రి ఊరికి వచ్చి ఆదివారం ఆరాధన జరిపి, సోమవారం ఉదయమే తిరిగి వెళ్లేవాడు.

తుది పరిష్కరణ లండన్‌లో, పుస్తక వర్తకుల సంఘానికి చెందిన స్టేషనర్స్ హాలులో తొమ్మిది నెలలు సాగింది. వారానికి 30 షిల్లింగులు ముట్టాయి. అక్కడి చర్చలను బోయిస్ లాటిన్‌లో, మధ్యమధ్య గ్రీకు, ఆంగ్ల పదాలతో రాసుకున్నాడు. ఆయన 1644లో మరణించిన చాలాకాలానికి, ఆ రాతలకు విలియం ఫుల్మన్ అనే పండితుడు తీసిపెట్టిన నకలు ఆక్స్‌ఫర్డ్‌లో బయటపడి 1969లో ప్రచురితమైంది. క్రీస్తు ఏ కాలంలోనూ మారడని చెప్పే హెబ్రీయులకు రాసిన పత్రిక వచనం దగ్గర, 'మారనివాడు' అన్న భావాన్నిచ్చే మాటను 'నేడు' తర్వాత ఉంచితే వాక్యానికి గాంభీర్యం పెరుగుతుందని తోటి అనువాదకుడు ఆండ్రూ డౌన్స్ సూచించినట్టు అందులో ఉంది. 1611 ప్రతిలో ఆ మాట 'నిన్న'కు ముందే అచ్చయింది.