గుంబద్ కింద కమలం



కుత్బుల్లాపూర్‌లో మా బస్తీ మసీదు గుంబద్‌కు పగుళ్లొచ్చాయి. కొత్తది కట్టడానికి చందాలు జమ చేశాం. మొన్న జుమా తర్వాత సదర్ సాబ్ నక్షా పరిచారు. గుంబద్ మొదట్లో చుట్టూ కమలం రేకులున్నాయి. ఇంజనీరింగ్ చదివిన ఒక నౌజవాన్ లేచి ఎతరాజ్ చేశాడు.

"చాచా, కమలం మనదా? గుళ్లో ఉంటది, ఎలక్షన్ గుర్తుగా ఉంటది. మన మసీదు మీద ఎందుకు? తీసేయండి."

ఎవరూ మాట్లాడలేదు. ఆ పిల్లాడి మాటలో గుస్సా కంటే ఖౌఫ్ ఎక్కువుంది. "ఏది మీది, ఏది మాది" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్న కాలం ఇది. అందుకే కసురుకోలేదు. "బేటా, ఇత్వార్ నాడు నాతో రా" అన్నా.

బస్సులు మారి ఇబ్రహీంబాగ్ పోయాం. 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీల మఖ్బరాలు అక్కడే ఉన్నాయి. తల పైకెత్తి చూడమన్నా. గుంబదులు పూరేకుల మధ్య నుంచి లేస్తున్నట్టు ఉంటాయి. ఆ రేకులు సున్నపు గచ్చుతో చేసినవి. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు అక్కడ మరమ్మతులు చేశారు. మధ్యలో ఎవరో పూసిన సిమెంటును తీసేసి, మళ్లీ సున్నంతోనే పనిచేయించారు. పాత కారీగరీని అంత జాగ్రత్తగా కాపాడారన్న మాట.

"వీళ్లు కలిమా చదివిన బాద్‌షాలే కదా చాచా?" అన్నాడు. "అవును, తెలుగు కవులను పోషించిన బాద్‌షాలు కూడా. ఇబ్రహీం కులీని ఆ కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నారు" అన్నా.

వాపసు వస్తూ చార్మినార్ దగ్గర దిగాం. 1591లో, హిజ్రీ వెయ్యో సంవత్సరం మొదలైన ఏడాది, మహమ్మద్ కులీ కట్టించాడు. నగరం నక్షా ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ పనితనమని తారీఖ్ చెబుతుంది. పై అంతస్తులో మసీదు, మీనార్ల అడుగున రేకులు. కాస్త అవతల చార్‌కమాన్, ఆ నాలుగు కమాన్ల నడుమ గుల్జార్ హౌజ్. నాలుగు దిక్కులు, నడుమ నీళ్లు. చార్‌బాగ్ తోటల ఖయాల్ కూడా ఇదే. సూరె ముహమ్మద్‌లో జన్నత్‌లోని నాలుగు రకాల నహర్ల బయాన్ ఉంది కదా, ఆ మాటనే తోటమాలులు భూమి మీద గీశారు.

మరి కమలం? మన కృష్ణా తీరంలోని అమరావతి బౌద్ధ స్తూపం కంచె స్తంభాల మీద రెండు వేల ఏళ్ల నాడే ఉంది. ఆ పువ్వు బౌద్ధులతో కలిసి తూర్పుకు పోయింది. జపాన్‌లో క్యోటో దగ్గర ఉజిలో బ్యోదోయిన్ అనే మందిరం ఉంది. దాని ఫీనిక్స్ హాల్‌ను 1053లో చెరువు నడుమ కట్టారు. ఒడ్డున నిలబడితే మొఖం పడమటి వైపు ఉంటుంది. వాళ్ల జన్నత్ పడమటే ఉందని వాళ్ల అకీదా. లోపల అమిదా బుద్ధుడు కూర్చున్నది కమలం మీదే.

ఇక చైనాలో షియాన్ పెద్ద మసీదు చూడండి. ఇప్పుడున్న కట్టడాలు చాలావరకు 1392 నాటివి, ఆ తర్వాతివి. బయటి నుంచి చూస్తే చైనా గుడి అనుకుంటారు. వంపు తిరిగిన పైకప్పులు, ఒకదాని తర్వాత ఒకటి వాకిళ్లు, చెట్లు, రాతి ద్వారాలు. మీనార్ కూడా పగోడాలాగే ఉంటుంది. అయితే అక్కడి పెద్ద కట్టడాలు దక్షిణానికి మొఖం పెడతాయి. ఈ మసీదు మాత్రం తూర్పు నుంచి పడమటికి సాగుతుంది, ఎందుకంటే ఖిబ్లా అటే. చైనా ముసల్మాన్లు తమ వతన్ కారీగరీని అంతా ఉంచుకున్నారు, దిక్కు ఒక్కటే మార్చుకున్నారు.

నాకు అర్థమైంది ఇదే. నిషానీ ఏ మజహబ్‌దో పువ్వు చెప్పదు, దాన్ని పెట్టినవాడి నియ్యత్ చెబుతుంది. కుతుబ్‌షాహీ మేస్త్రీల చేతికి ఈ నేల నేర్పిన పువ్వు కమలం. దాని మీద గుంబద్ నిలబెట్టినప్పుడు వాళ్ల ఈమాన్ తగ్గలేదు. ఎలక్షన్ గుర్తుకు భయపడి మనమే దాన్ని చెరిపేస్తే, నాలుగు వందల ఏళ్ల మన వారసత్వాన్ని మన చేతులతోనే వేరేవాళ్లకు ఇచ్చేసినట్టు.

ఈ జుమాకు మళ్లీ కమిటీ కూర్చుంది. పిల్లాడు రేకుల మాట ఎత్తలేదు. వజూ నీళ్లు డ్రైనేజీలో పోతున్నాయి, వాటిని సహన్‌లో మొక్కలకు మళ్లిద్దాం అన్నాడు. పైపుకు నక్షా తానే గీసుకొచ్చాడు. నాలుగు పాయలు గీశాడు. సదర్ సాబ్ రెండు చాలన్నారు, ఖర్చు ఎక్కువని.

మీ పిల్లలను ఒక ఇత్వార్ ఇబ్రహీంబాగ్ తీసుకుపోండి. తల పైకెత్తి చూడమనండి.